గారు లేని పిలుపు

"పెద్దమ్మట! పెద్దమ్మ!" అత్తగారు ఆ మాటని పంటికింద రాయిలా బయటికి తీసింది. "అంటే వంటావిడ నీకు చెల్లెలైనట్టేగా? మరి నాకేమవుతుందో కూడా చెప్పు, వరస పెట్టి పిలుస్తాను."

ఇల్లాలి ముందున్న టీ మీద మీగడ కట్టింది. తాగాలనీ లేదు, అవతల పెట్టాలనీ లేదు.

నిన్న సాయంత్రం బడి నుంచి ఫోను వచ్చినప్పటి నుంచి ఆ ఇంట్లో ఎవరి గొంతూ మామూలుగా లేదు. ఫోనులో మనిషి మర్యాదగానే అడిగింది. చీటీల్లో సీటు వచ్చిన అమ్మాయి దరఖాస్తులో, ఇంటివాళ్ళతో చుట్టరికం అన్నచోట 'పెద్దమ్మ' అని రాసి ఉంది, ఆ పిల్ల మీ చెల్లెలి కూతురేనా, రేపు మధ్యాహ్నం ఒకసారి వచ్చి చూసి వెళతాను అంది. ఇల్లాలికి చెల్లెళ్ళెవరూ లేరు. ఆ ముక్క చెప్పడానికి నోరు రాక, "రండి" అని ఫోను పెట్టేసింది.

ఆ బడిలో ఒకప్పుడు సీటు ఇంటిపేరు చూసి ఇచ్చేవారు. ఈ ఇంట్లో తాత, తండ్రి, కొడుకు అందరూ అక్కడ చదివినవాళ్ళే. ఇప్పుడు పద్ధతి మార్చారు. చుట్టుపక్కల వీధుల్లో కాపురముండే పిల్లలందరి పేర్లూ గాజుగిన్నెలో వేసి చీటీలు తీస్తున్నారు. ఈ ఇంటి చిరునామాతో రెండు చీటీలు పడ్డాయి. ఒకటి ఈ ఇంటి పిల్ల పండుది. రెండోది, పెరటివైపు గదిలో ఉండే వంటావిడ కూతురిది. సన్నగా ఉండి ఎప్పుడూ కిచకిచమంటూ ఉంటుందని దాన్ని అందరూ పిచ్చుక అంటారు. గిన్నెలోంచి పిచ్చుక చీటీ బయటికొచ్చింది. పండు పేరు వెయిటింగ్ లిస్టులో మొదట నిలబడింది. పిచ్చుక తప్పుకుంటే ఆ సీటు పండుకే వస్తుంది.

మన ఇంటి అదృష్టం దారి తప్పి వంటింట్లో దూరిందని అత్తగారు ఆరోజే అంది. ఆ మాటకి అప్పుడు అందరూ నవ్వారు. ఇల్లాలు కూడా నవ్వింది. కాకపోతే ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

"ఇది పొరపాటు కాదు, తెలివి," అన్నాడు ఇంటాయన. ఆయన లాయరు. ఈరోజు కోర్టుకి వెళ్ళలేదు, అయినా అలవాటుకొద్దీ తెల్ల చొక్కా వేసుకుని కూర్చున్నాడు. "మన పేరు తగిలిస్తే సీటు గట్టిపడుతుందని ఎవరో నేర్పి ఉంటారు. ఇలాంటి వాటిలో వీళ్ళని మించినవాళ్ళు లేరు."

"ఆరో క్లాసుకి వెళ్ళే పిల్లండీ!"

"అందుకే అంటున్నాను. ఇప్పుడే ఇంత ఉంటే ముందుముందు ఎంతవుతుందో!"

"మన పండు ప్రోగ్రెస్ కార్డు మీద మీ సంతకం తనే గీకేసినప్పుడు భలే చురుకని మురిసిపోయారుగా?"

"అది వేరు."

"ఎలా వేరు?"

"వేరంటే వేరే!"

కోర్టులో పొద్దున్నుంచి సాయంత్రం దాకా అలుపు లేకుండా వాదించే మనిషికి ఇంట్లో ఆ మాటే దొరికింది.

"ఆ పిలుపు నేను నేర్పిందే," అంది ఇల్లాలు మెల్లిగా.

"నేర్పావు, తల్లీ, నేర్పావు! అందరికీ నేర్పావు!" అంది అత్తగారు. "ఇంకా నయం, నన్ను అమ్మమ్మా అనమని చెప్పలేదు."

నేర్పిన మాట నిజమే. పిచ్చుక తల్లి కొంగు పట్టుకుని ఈ ఇంట్లోకి వచ్చిన కొత్తల్లో ఇల్లాలిని 'అమ్మగారూ' అని పిలిచేది. ఇల్లాలు మహిళా సమితికి సెక్రటరీ. సమానత్వం గురించి వేదికెక్కి మాట్లాడొచ్చిన రోజున, అంత చిన్న నోట అంత పెద్ద 'గారు' వినేసరికి ఆమె మనసు చివుక్కుమంది. "నన్ను పెద్దమ్మా అను చాలు," అని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. ఆ తర్వాత సమితి వార్షికోత్సవంలో పిచ్చుక పాట పాడి, మైకులోనే "బాగా పాడానా, పెద్దమ్మా?" అని అడిగింది. హాలు హాలంతా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు పిచ్చుక పాటకి వచ్చినవి కావని ఇల్లాలికి అప్పుడే తెలుసు. తెలిసినా బాగానే ఉంది. చాలా బాగుంది.

"పిలవమన్నావు, సరే," అన్నాడు లాయరు. "అవుతానన్నావా?"

ఇల్లాలు తలెత్తి భర్త వైపు చూసింది. ఆయన వెటకారంగా అనలేదు. నిజంగానే అడుగుతున్నాడు.

"ఒక దారుంది," అంది ఇల్లాలు. "వంటావిడ అత్తయ్యగారిని పెద్దమ్మగారనే కదా పిలుస్తుంది. పిల్ల అదే రాయబోయి గారు మర్చిపోయిందని చెబుదాం."

లాయరు పకపకా నవ్వాడు. "బాగుంది! కేసంతా ఒక గారు మీద నడిపిద్దామంటావు!"

"నవ్వడానికేముంది? తప్పుడు చుట్టరికం రాసిందని సీటు తీసేస్తే ఆ పిల్ల ఏమైపోతుంది?"

"ఏమైపోతుంది? అందరు పిల్లల్లాగే ఇంకో బడికి వెళుతుంది," అంది అత్తగారు. గొంతు తగ్గించి కోడలి దగ్గరికి జరిగింది. "చూడమ్మా, నేను దానికి చెడు కోరేదాన్నా? జ్వరమొస్తే రాత్రంతా కూర్చుని తడిగుడ్డ వేసిందెవరు? నేను కాదూ? చదువుకోనీ, ఎవరొద్దన్నారు? కానీ ఆ బడి ఎందుకు దానికి? అక్కడి పిల్లలు మాట్లాడే మాటలు వేరు, కట్టే బట్టలు వేరు. దాన్ని చూసి నవ్వుతారు. పసిదాని మనసు విరిగిపోతుంది. దాని మేలు కోరే చెబుతున్నాను."

అత్తగారు అబద్ధమాడటం లేదు. జ్వరంలో తడిగుడ్డ వేసిన మాటా నిజమే, ఇప్పుడు కళ్ళలో కనిపిస్తున్న జాలీ నిజమే. అదే ఇల్లాలిని ఇరకాటంలో పెట్టింది. పచ్చి దుర్మార్గం అయితే ఎదిరించొచ్చు. ఇలా ప్రేమగా చెబుతుంటే ఎక్కడ పట్టుకోవాలో తెలియడం లేదు. అందులోనూ ఆ మాటలు తన మనసులో కూడా ఎక్కడో ఉన్నాయేమోనని భయంగా ఉంది.

"ఆ గారు గొడవ వదిలెయ్యి," అన్నాడు లాయరు. "వచ్చేవాళ్ళు చూసేది చుట్టరికం కాదు, కాపురం. ఆ పిల్ల ఇక్కడ ఉంటోందా లేదా అన్నదే. వెనక గదిలో మంచాలుంటే ఉంటున్నట్టు, పాత సామానుంటే లేనట్టు. అంతే."

"అంటే గది ఖాళీ చేయిస్తారా?"

"ఈ ఒక్కపూటకి. సాయంత్రం మళ్ళీ వాళ్ళ గది వాళ్ళదే. ఎవరినీ వెళ్ళగొట్టడం లేదు. నువ్వు ఒక్క అబద్ధం కూడా ఆడక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు."

"వంటావిడకి ఏమని చెబుతారు?"

"నేను కాదు, నువ్వు చెప్పాలి. గదికి రంగులు వేయిస్తున్నామని చెప్పు. నేను చెబితే నమ్మదు. నీ మాటైతే నమ్ముతుంది."

ఒక్క అబద్ధం కూడా ఆడక్కర్లేదన్న మనిషి ఆ వెంటనే ఒకటి చేతిలో పెట్టాడు. ఆ సంగతి ఆయనకి తట్టనైనా లేదు. ఇల్లాలు కుర్చీ వెనక్కి నెట్టి లేచింది.

పండు గది తలుపు నిన్నటి నుంచీ గడియ వేసే ఉంది. "నేనేనమ్మా," అంటే చాలాసేపటికి తీసింది. కళ్ళు ఉబ్బిపోయాయి. దిండు నేలమీద ఉంది.

"పిచ్చుక మీద కోపంగా ఉందా?" అని అడిగింది ఇల్లాలు, పక్కన కూర్చుంటూ.

"లేదు."

"మరి?"

"దానికి రావడం బాగానే ఉంది. నాకు రాకపోవడమే బాగాలేదు." పండు ముక్కు చీదుకుంది. "నా పాత గౌన్లన్నీ దానికే ఇచ్చావు. నా పాత పుస్తకాలూ దానికే. అవన్నీ నేను వద్దనుకున్నవి కదా, నేనేం అనలేదు. ఇది నాకు కావాల్సిందమ్మా."

ఇల్లాలు కూతురి జుట్టు సవరించింది. తను ఇన్నాళ్ళూ ఇచ్చినవన్నీ అలాంటివేనని, ఇంట్లో ఎవరికో అక్కర్లేనివేనని ఆమెకి మొదటిసారి తోచింది. ఆ ఆలోచన నచ్చక తల పక్కకి తిప్పుకుంది.

"నాన్న ఏదో చేస్తానన్నారు కదా?" అంది పండు. "నాకు వినపడింది."

"చేస్తే?"

పండు గోడ వైపు తిరిగి పడుకుంది. "చేస్తే చెయ్యండి. నాకు మాత్రం చెప్పకండి."

ఈ పిల్లకి ఈ మాట ఎవరు నేర్పారు? పెద్దమ్మ అన్న మాటైతే తనే నేర్పింది. ఇది ఎవరూ నేర్పలేదు. ఊరికే ఇంట్లో తిరుగుతూ నేర్చేసుకుంది. ఇల్లాలికి దుఃఖం పొంగుకొచ్చింది. ఆ దుఃఖంలోనే కూతురి మీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది. వంటింటి వైపు నడుస్తున్నప్పుడు ఆమెని నడిపించింది ఆ ప్రేమే.

వంటావిడ పొయ్యి దగ్గర లేదు. వచ్చే బడివాళ్ళ కోసమని ఎప్పుడూ బీరువా దిగని మంచి కప్పులు కడిగి, ఒక్కొక్కటీ వెలుతురుకి పట్టి చూస్తోంది. పిచ్చుక గడప మీద కూర్చుని పెన్సిలు చెక్కుతోంది.

"పెరటి గదికి రంగులు వేయిద్దామనుకుంటున్నాం," అంది ఇల్లాలు. మాటలు అనుకున్నదానికన్నా సులువుగానే వచ్చాయి. "ఈ పూటే. సామాను తీసి గ్యారేజీలో పెడతారా?"

వంటావిడ చేతిలో కప్పు అలాగే ఉండిపోయింది. "రంగులా, అమ్మగారూ?"

"ఆఁ."

"పిచ్చుకకి సీటొచ్చిందనా?"

ఇల్లాలు తల ఊపిందో లేదో ఆమెకే తెలియదు. వంటావిడ మాత్రం ఊపినట్టే అనుకుంది. కళ్ళు చెంగుతో ఒత్తుకుంది. "ఆ గోడ పెచ్చులు దాని పుస్తకాల మీద పడుతుంటే ఎన్నిసార్లు అడుగుదామనుకున్నానో! మొహమాటపడి ఊరుకున్నాను. మీకే తట్టింది, చూశారా! లేత నీలం వేయించండమ్మా. దానికి నీలమంటే ప్రాణం. వచ్చేవాళ్ళ కళ్ళకీ ముచ్చటగా ఉంటుంది."

"అలాగే, నీలమే," అంది ఇల్లాలు.

వంటావిడకి ఆ తర్వాత కాలు నిలవలేదు. డ్రైవర్ని సాయం పట్టుకుని మంచాలు, పెట్టె, పరుపు చుట్టలు తనే ముందుండి మోయించింది. మోస్తున్నంతసేపూ ఏదో కూనిరాగం తీస్తూనే ఉంది. ఆవిడ అటు వెళ్ళగానే లాయరు డ్రైవర్ని మళ్ళీ పిలిచి, మేడమీది విరిగిన కుర్చీలు, అట్టపెట్టెలు ఆ గదిలోకి సర్దించాడు. తాళం వేసి తాళంచెవి తెచ్చి భార్య చేతిలో పెట్టాడు. "నీ దగ్గరే ఉంచు," అన్నాడు, ఏదో బహుమతి ఇస్తున్నట్టు.

పిచ్చుక పెరట్లో నిలబడి ఇదంతా చూస్తోంది. ఎప్పుడూ ఊరుకోని నోరు ఇవాళ ఊరుకుంది. చివరికి ఇల్లాలి దగ్గరికొచ్చి చీర కుచ్చిళ్ళు పట్టుకుంది.

"పెద్దమ్మా, రంగు డబ్బాలేవి?"

"వస్తాయిలే."

"బ్రష్షులు?"

"అన్నీ వాళ్ళే తెచ్చుకుంటారు. వెళ్ళి తల దువ్వుకో."

పిచ్చుక కుచ్చిళ్ళు వదిలేసింది. తల దువ్వుకోవడానికి మాత్రం వెళ్ళలేదు.

బడి నుంచి వచ్చినావిడకి పెద్ద కళ్ళజోడు, చిన్న గొంతు. సోఫా అంచున కూర్చుని ఫైలు ఒళ్ళో తెరిచి పెట్టుకుంది. లాయరు ఎదురుగా, అత్తగారు పక్కన, ఇల్లాలు తలుపుకి దగ్గరగా. మేడమెట్ల మీద ఎక్కడో ఒక మెట్టు కిర్రుమంది. పండు గదిలోంచి బయటికొచ్చినట్టుంది.

"ఈ పెద్దమ్మ అన్నది..." అని మొదలుపెట్టింది కళ్ళజోడావిడ.

"పిలుపేనండీ," అంది ఇల్లాలు గబగబా. "నిజంగా చుట్టరికం లేదు. ప్రేమకొద్దీ అలా పిలుస్తుంది."

"నేనూ అదే అనుకున్నాను." ఆవిడ నవ్వేసింది. "పిల్లలు ఏవేవో రాస్తుంటారు. మొన్న ఒకడు ఇంటి కుక్కని తమ్ముడని రాశాడు. దానికి మేమేం పట్టింపు పెట్టుకోం."

ఆ నవ్వు విని ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. నిన్నటి నుంచి నిద్రాహారాలు లేకుండా చీల్చి చెండాడిన మాట, ఇంత తేలిగ్గా తీసి పక్కన పెట్టేశారు.

"మాకు కావలసింది ఒక్కటే," అంది కళ్ళజోడావిడ, కలం మూత తీస్తూ. "ఆ అమ్మాయి ఈ ఇంట్లో కాపురముంటోందా?"

లాయరు గొంతు సవరించుకున్నాడు. "చూడండి, పనివాళ్ళన్నాక వస్తుంటారు, పోతుంటారు. ఒకచోట ఉన్నారని మేం ఎలా..."

"ఇక్కడేనండీ!" టీ కప్పులు పట్టుకుని వంటావిడ అప్పుడే లోపలికొచ్చింది. మంచి చీర కట్టుకుంది. "పెరటివైపు గది. పిల్ల కొంగు పట్టుకుని నడిచే వయసు నుంచీ అందులోనే ఉన్నాం. రండి, చూపిస్తాను. ఇవాళే రంగులు వేయిస్తున్నారు, సామానంతా బయట పెట్టాం. మా అమ్మగారు అంతేనండీ, ఏదైనా చెప్పకుండా చేస్తారు."

కళ్ళజోడావిడ టీ ముట్టుకోకుండానే లేచింది. "పదండి, చూద్దాం."

"అక్కడేముందండీ చూడటానికి, పాత సామాన్ల గది," అన్నాడు లాయరు. వంటావిడ మాటా, ఆయన మాటా గదిలో పక్కపక్కనే నిలబడ్డాయి. కళ్ళజోడావిడ ఇద్దర్నీ చూసింది. పెరటి వైపు నడిచింది.

తాళంచెవి ఇల్లాలి గుప్పిట్లోనే ఉంది. మొదటిసారి తిప్పితే తిరగలేదు. తలుపు తెరుచుకోగానే లోపలి అట్టపెట్టెల దుమ్ము మొహాన కొట్టింది. కాళ్ళు విరిగిన కుర్చీలు ఒకదాని మీదొకటి ఎక్కించి ఉన్నాయి. రంగు వాసన లేదు. తడి లేదు. మంచం ఉండే మూల మాత్రం, చిన్న తల ఆనీ ఆనీ గోడ మీద పడ్డ మరక అలాగే ఉంది. దాన్ని కప్పాలని ఎవరికీ తోచలేదు.

వంటావిడ గుమ్మంలో నిలబడి లోపలికి తొంగి చూసింది. పైకప్పు చూసింది, గోడలు చూసింది. ఈ కుర్చీలు ఇక్కడికెలా వచ్చాయా అన్నట్టు డ్రైవర్ వైపు చూసింది. డ్రైవర్ నేల చూపులు చూస్తున్నాడు.

"రంగులవాళ్ళు ఇంకా రాలేదా, అమ్మగారూ?" అంది.

ఆ గొంతులో అనుమానం ఇసుమంతైనా లేదు. ఉంటే బాగుండునని ఇల్లాలికి అనిపించింది. తిట్టినా భరించేది. ఇలా నమ్మకంగా అడిగితే ఎలా భరించాలి?

"నేను మిమ్మల్నే అడుగుతున్నానండీ," కళ్ళజోడావిడ ఇల్లాలి వైపు తిరిగింది. "ఈ పిల్ల ఇక్కడ ఉంటోందా, లేదా?"

లాయరు చూపు వీపు మీద తగులుతోంది. అత్తగారి చెయ్యి మోచేతి మీద పడింది, నెమ్మదిగా నొక్కుతోంది. మేడమీద కిటికీ తెర పక్కకి జరిగింది. ఒక్క మాట చాలు, అవునో కాదో. ఏది అన్నా ఒక పిల్ల మొహం జీవితాంతం చూడలేకపోతుంది. ఇల్లాలు నోరు తెరిచింది.

"వాళ్ళు రారులే, అమ్మా," అంది పిచ్చుక.

తల్లితో అంది. ఎప్పుడొచ్చిందో, ఆమె పక్కనే నిలబడి ఉంది. తల్లి చెయ్యి పట్టుకుని గుమ్మంలోంచి ఇవతలికి లాగింది. తర్వాత ఇల్లాలి వైపు తిరిగింది.

"అమ్మగారూ," అంది.

ఆ గొంతులో ఆ పిలుపు విని చాలా కాలమైంది. ఎవర్ని పిలిచిందోనని ఇల్లాలు వెనక్కి తిరిగి చూసింది. వెనక లాయరు తప్ప ఎవరూ లేరు.

"అమ్మగారూ, తాళం వేసేసుకోండి."

కళ్ళజోడావిడ కలానికి ఇంకా మూత పెట్టలేదు.

"మీరింకా జవాబు చెప్పలేదండీ," అంది.